రెండో జాడీ

మర్రిపాలెం, విశాఖపట్నం
22-6-2025, ఆదివారం

చి. చిన్నాకి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలియజేయగలవు. ఇది మా కాలంలో ప్రతి ఉత్తరంలోనూ అలవాటుగా రాసేసే వాక్యం. ఈసారి అలవాటుగా రాయలేదు. నిజంగానే తెలియజేయి. నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైంది. నేను వాట్సాప్‌లో పెట్టినవన్నీ చదువుతున్నావని నీలం టిక్కులు చెబుతూనే ఉన్నాయి. అందుకే కాగితం తీశాను. దీనికి టిక్కులు పడవు కాబట్టి చదివావో లేదో అని గంటకోసారి చూసుకునే పని నాకుండదు.

నిన్న ఊళ్ళో యోగా డే గోల. ప్రధాని వచ్చారు. ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డంతా చాపలే. మీ నాన్న రాత్రి రెండింటికి లేచి, స్నానం చేసి, చాప చంకన పెట్టుకుని వెళ్ళారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మనిషి నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చోగా నేను చూడలేదు. తిరిగొచ్చి సాయంత్రం దాకా మోకాళ్ళకి నాచేత మందు రాయించుకున్నారు. టీవీలో తనని చూపించారంటారు. అన్ని లక్షల మందిలో ఆయన్ని ఆయన ఎలా పోల్చుకున్నారో మరి. బీపీ చూపించుకోమంటే రేపు, రేపు అంటున్నారు. నువ్వు చెబితే వింటారు. అందుకైనా ఒకసారి ఫోన్ చెయ్యి.

వేట నిషేధం 14వ తేదీతో అయిపోయింది. అరవై ఒక్క రోజులు ఐసు చేపలు తినీ తినీ నాలుక చచ్చిపోయింది. మంగళవారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. ఈసారి ఒక్కదాన్నే వెళ్ళాను. వరలక్ష్మి వదిన రాలేదు. ఆ సంగతి తరవాత రాస్తాను. నూకాలమ్మ దగ్గర మంచి కోనాం ఉంది, ఐసు మీద పెట్టింది, కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. బేరం ఆడకుండా దాని మొహంలోకి చూస్తూ నిలబడిపోయాను. “ఏటమ్మా, అలగ సూత్తన్నావు? సేప మాటాడతదేటి?” అంది. మాట్లాడుతుందేమోననే చూస్తున్నానని దానికేం చెప్పను!

ఇదంతా నీ టీవీ వల్లే. నీ అకౌంటు మన ఇంటి టీవీలో పెట్టి వెళ్ళావు కదా. మోకాలి నొప్పికి నిద్రపట్టక ఒక రాత్రి అది పెడితే, ‘మళ్ళీ చూడండి’ అన్న వరసలో నువ్వు సగంలో ఆపేసిన బొమ్మ ఒకటి కనిపించింది. ‘ద సొప్రానోస్’ అని అమెరికా మాఫియా సీరియల్. రెండో సీజనులో పదమూడోది, ఆఖరుది. ఎర్రగీత దాదాపు చివరికొచ్చి ఆగింది. ఇంకాస్త చూస్తే అయిపోయేదాన్ని ఎందుకు వదిలేశాడా అనుకుని అక్కణ్ణించి పెట్టాను. పడవలో నలుగురు మగవాళ్ళు. ముగ్గురు తుపాకులు తీస్తారు, నాలుగోవాడు కూర్చోవచ్చా అని అడుగుతాడు. ఏమీ అర్థం కాకపోయినా ఆ రాత్రి ఇక నిద్రపట్టలేదు. మర్నాటి నుంచి మొదటి సీజను మొదటి భాగం పెట్టుకుని, మీ నాన్న తొమ్మిదింటికి పడుకున్నాక, సౌండు తగ్గించి, కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ ఇరవై ఆరు భాగాలూ చూశాను. ఆ బూతులేమిట్రా! ఆ బట్టల్లేని డ్యాన్సులేమిటి! రిమోటు చేతిలో పెట్టుకునే కూర్చున్నాను, మీ నాన్న మంచినీళ్ళకి లేస్తే భక్తి ఛానల్‌కి మార్చడానికి.

ఆ భాగం అమెరికాలో 2000 ఏప్రిల్ 9న వచ్చిందట. నీకప్పుడు రెండో ఏడు.

నువ్వు చూసే ఉంటావు గానీ నా మాటల్లో చెబుతాను, విను. టోనీ అని వాళ్ళ ముఠా నాయకుడు. చెడ్డవాడే, సందేహం లేదు, కానీ తిండి దగ్గర మాత్రం అచ్చం మీ పెదనాన్న. సాల్ అని వాడి పాత స్నేహితుడు. ముద్దుపేరు ఇంకోటుంది, ఈ ఉత్తరంలో రాయను. సాల్ మత్తుమందు అమ్మి ప్రభుత్వానికి దొరికిపోతాడు. ఎందుకు అమ్మాడయ్యా అంటే పిల్లల కాలేజీ చదువులకి. ఆ మాట దగ్గర నా మనసు కొంచెం వాడివైపు వెళ్ళింది, అబద్ధం చెప్పను. మీ అక్క కౌన్సెలింగు నాడు మీ నాన్న మొహం నేను చూశాను కదా. దొరికాక పోలీసులు వాడి ఒంటికి టేపు కట్టి స్నేహితుల మధ్యకి పంపిస్తారు. వాళ్ళతో తింటాడు, తాగుతాడు, నవ్వుతాడు. ఛాతీ మీద మిషను తిరుగుతూనే ఉంటుంది. టోనీ కొడుక్కి చర్చిలో ఏదో సంస్కారం చేస్తే ఆ పిల్లాడికి జ్ఞానతండ్రిగా నిలబడతాడు. నిలబడి, పిల్లాడికి నాలుగు మంచిమాటలు చెప్పి, ఆ ఇంట్లోనే బాత్రూములో తలుపేసుకుని ఏడుస్తాడు. కింద విందు నడుస్తూ ఉంటుంది.

ఆఖరి భాగంలో టోనీకి కడుపు పాడవుతుంది. ముందు ఇండియన్ హోటల్లో తిన్నాడు, ఆ తరవాత ఆర్టీ అని స్నేహితుడి హోటల్లోనూ తిన్నాడు. ఆర్టీ ఏమో తప్పంతా మనవాళ్ళ వంట మీదకి తోసేస్తాడు. నాకు ఒళ్ళు మండింది. సరే, ఆ జ్వరంలో టోనీకి కలలొస్తాయి. ఒక కలలో చేపల దుకాణం. ఐసు మీద పడుకోబెట్టిన చేప సాల్ గొంతుతో మాట్లాడుతుంది. నీకు తెలిసిందే కదా, తెలిసీ తెలియనట్టు ఉన్నావు కదా, అన్నట్టు. లేచి వాడు నేరుగా సాల్ ఇంటికి వెళ్తాడు. కడుపు ఇంకా కుదుటపడలేదని బాత్రూము వంక పెట్టి, పడగ్గదిలో వెతికితే చుట్టల పెట్టెలో ఆ తీగలు దొరుకుతాయి. కొత్త పడవ కొంటున్నాను, చూద్దువు గాని రమ్మని సముద్రం మీదకి తీసుకెళ్తారు.

ఆ పడవలో కూడా వెంటనే చంపరు చూడు, అదే నన్ను పట్టుకుంది. కూర్చుని తాగుతారు. ఏదో ఊళ్ళో తనకి సూదుల వైద్యం చేసిన ఆడమనిషి గురించి సాల్ కబుర్లు చెబుతాడు, వీళ్ళు నవ్వుతారు. పాత రోజుల్లాగే. నవ్వు ఆగాక టోనీ ఒక్కటే అడుగుతాడు, అసలు ఆ మనిషి నిజంగా ఉందా అని. నాకు తుపాకుల కంటే ఆ ప్రశ్న భయమేసింది. ఒకసారి నమ్మకం పోయాక పోయింది ఆ ఒక్క విషయంలోనే కాదు, వెనక్కి వెళ్ళి చిన్నప్పటి నుంచి చెప్పుకున్న కబుర్లన్నీ తిరిగి లెక్కచూసుకోవాలి. ఏది నిజం, ఏది కాదు అని. మొహం మీద కాల్చకండి, కళ్ళుండనివ్వండి అంటాడు పాపం.

నువ్వు ఆపింది సరిగ్గా ఆ కబుర్ల దగ్గర. నేను అడగడం లేదు. నిద్రొచ్చి ఆపి ఉంటావు.

అన్నట్టు, హైదరాబాదులో వానలు మొదలయ్యాయా? గొడుగు కొనుక్కోమంటే కొనుక్కోవు. తల తడిస్తే నీకు సైనస్ వస్తుంది. బయట బిర్యానీలు తగ్గించు. పెరుగు తోడు పెట్టుకోవడం చేతకాదా, ఇంజినీరింగు చదివావు కదా.

వరలక్ష్మి వదిన సంగతి రాస్తానన్నాను. గాజువాకలో సత్యవతి పిన్ని మనవరాలి పెళ్ళికి వెళ్ళాం. అక్కడ పిన్ని నన్ను పక్కకి పిలిచి, “మీ చిన్నాడికి టీమ్ లీడ్ ఇచ్చారటగా, స్వీట్లేవే?” అంది. నాకు తెలియదు. తెలిసినట్టు నవ్వాను. ఆ వెంటనే, “పాపం మీ వరలక్ష్మి కొడుకు కిట్టుగాడి ఉద్యోగం పోయిందట. వాడు పెట్టిన రెండేళ్ళ ఎక్స్‌పీరియన్సు దొంగ సర్టిఫికెట్టని ఎవరో పైవాళ్ళకి మెయిల్ పెట్టారట” అంది. ఆ ‘ఎవరో’ అన్నప్పుడు నా కళ్ళలోకి చూసింది. పప్పు ఉప్పగా ఉందని చెప్పి లేచి వచ్చేశాను. పప్పు బాగానే ఉంది.

మర్నాడు వరలక్ష్మి వదిన పాలపాకెట్ల దగ్గర ఎదురైంది. “ఎండలు ఎక్కువగా ఉన్నాయి కదండీ” అంది. ముప్పై ఏళ్ళుగా వదినా అన్న మనిషి ‘అండీ’ అంది చిన్నా! హార్బర్‌కి రాలేదు. ఆషాఢ పౌర్ణమికి మూడు వారాలు కూడా లేదు, సింహాచలం గిరి ప్రదక్షిణకి ఈసారి ముప్పై రెండు కిలోమీటర్లు నేను ఎవరితో నడవాలి? మీ నాన్నతోనా? ఆయన హనుమంతవాక దగ్గర ఆటో ఎక్కేస్తారు.

నేనేమీ నమ్మలేదు. సత్యవతి పిన్ని నోట్లో నువ్వుగింజ నానదని నీకూ తెలుసు. కానీ నువ్వు ఫోన్ చేసి ఉంటే నమ్మకపోవడం నాకింకాస్త సులువయ్యేది.

ఇప్పుడు ఒకటి చెబుతాను. మీ నాన్నకి కూడా తెలియదు, మీ అక్కకి అసలే తెలియదు.

శారదాంటీ గుర్తుందా? నర్సీపట్నం ఆవకాయ? బస్ కాంప్లెక్సుకి వెళ్ళి కండక్టరు దగ్గర జాడీ తీసుకునేవాళ్ళం, నువ్వు మోస్తానని పేచీ పెట్టేవాడివి. శారదా, నేనూ ఒకే ఆఫీసులో ఎదురుబొదురు బల్లలు. నాకంటే ఆరేళ్ళు పెద్దది, నాకు పని నేర్పింది తనే. మీ అక్క కడుపులో ఉన్నప్పుడు నాకు వాంతులైతే తన టిఫిను డబ్బా మూత పట్టిన మనిషి. ఆఫీసులో ఆడవాళ్ళం చీటీ వేసుకునేవాళ్ళం. డబ్బు తన దగ్గర, లెక్క నా దగ్గర. 1993లో ఒక నెల లెక్కచూస్తే ఎనిమిది వేలు తక్కువ. నాకు అర్థమైంది. వాళ్ళాయనకి అప్పుడే కడుపులో ఆపరేషనైంది, డబ్బు కట్టిన రోజు నేను కూడా ఆసుపత్రిలోనే ఉన్నాను. నెల తిరిగేసరికి పెట్టేస్తుంది, ఆ సంగతీ నాకు తెలుసు.

ఎదురుగా ఉన్న మనిషి. “శారదా, ఏమిటిది?” అని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. ఇంటికొచ్చి మీ అక్కని పడుకోబెట్టి, ఆఫీసరుకి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఎడంచేత్తో రాశాను. ఎవరిది ఎంత, మొత్తం ఎంత, తక్కువైంది ఎంత, అన్నీ వేసి మరీ రాశాను. నలుగురి సొమ్ము, న్యాయం న్యాయమే అనుకున్నాను. పైకి ఆ మాటే అనుకున్నాను. ఆ ఏడు ప్రమోషన్ల జాబితాలో నా పేరుకి సరిగ్గా పైన తన పేరు ఉందన్న సంగతి రాసేటప్పుడు నాకు గుర్తులేదు అని నీతో అనలేను.

రెండు ఇంక్రిమెంట్లు ఆపి నర్సీపట్నం వేశారు. వెళ్ళేనాడు నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు నిజమే, అదే కదా చోద్యం. ఆ సాల్‌గాడు బాత్రూములో ఏడ్చినప్పుడు రిమోటు పక్కన పెట్టేసింది అందుకే. ఇంకెవరైనా అయితే దొంగ ఏడుపు అనుకుంటారు. నాకు తెలుసు అది కాదని.

ఆ మరుసటి వేసవి నర్సీపట్నం నుంచి ఆవకాయ జాడీ వచ్చింది. పైన గుడ్డ కట్టి, దారంతో బిగించి, “నీకూ పాపకీ” అని చీటీ. తినలేననుకున్నాను. తిన్నాను. ఆ పైఏడు మళ్ళీ వచ్చింది. అలా పదమూడు జాడీలు. నువ్వు పుట్టాక ఆవకాయంటే శారదాంటీదే, నేను పెట్టింది నోట పెట్టేవాడివి కాదు.

2006లో వాళ్ళమ్మాయి పెళ్ళికి వెళ్ళాం. నీకు ఎనిమిదేళ్ళు, విడిదింట్లో మంచం మీంచి పడి మోచెయ్యి చీరుకున్నావు, అదే పెళ్ళి. వంటవాళ్ళకిచ్చే సామాను లెక్క చూడమని నన్ను కొట్టుగదిలో కూర్చోబెట్టింది. కందిపప్పు, బెల్లం, నూనె డబ్బాలు, అన్నీ వేసి మొత్తం కూడాను. వెనకాల నిలబడి చూస్తోంది. “ఇదిగో, ఇదే” అంది. ఏది అన్నాను. మొత్తం కింద రెండు గీతలు గీసి పక్కన చిన్న టిక్కు పెడతాను నేను, నీ స్కూలు ఫీజు రసీదుల మీద కూడా పెట్టేదాన్ని, చూసే ఉంటావు. “ఆఫీసరు గారు ఆ కాగితం నాకు ఆవేళే చూపించారు. అక్షరాలు ఎడంచేత్తో రాశావు గానీ గీతలకి వచ్చేసరికి మర్చిపోయావు” అంది. కోపంగా కాదు, కూడికలో తప్పు చూపించినట్టు చెప్పింది.

నేలలోకి దిగిపోవాలనిపించింది. చాలాసేపటికి, “మరి ఇన్నేళ్ళూ ఆవకాయ ఎందుకు పంపావు?” అన్నాను.

“నువ్వు తింటావో తినవో చూద్దామని” అంది.

ఎవరో అక్షింతల పళ్ళెం కోసం పిలిస్తే వెళ్ళిపోయింది. భోజనాల దగ్గర కొసరి కొసరి వడ్డించింది నాకు. ఆ మరుసటి ఏడు జాడీ రాలేదు. నేనే పెట్టి శారదాంటీ పంపిందని నీకు చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకుని, “ఇది ఆంటీది కాదు” అన్నావు. ఆమె పోయి ఆరేళ్ళయింది. కోవిడుకి ముందే.

ఇంత పొడుగు ఎందుకు రాశానంటే, పడవలో సాల్‌ని చూస్తున్నప్పుడు వాడు పోలీసులకి చెప్పినందుకు నాకు కోపం రాలేదు. చెప్పాక కూడా ఆ ఇంట్లో అన్నం తిన్నాడే, దానికి వచ్చింది. కిట్టు చేసింది తప్పే. దొంగ కాగితం దొంగ కాగితమే, వాళ్ళ నాన్న అప్పు చేసి కన్సల్టెన్సీ వాడికి కట్టాడన్నంత మాత్రాన ఒప్పైపోదు. ఆ రెండేళ్ళూ ఎక్కడో నిజంగా పనిచేసిన కుర్రాడొకడు ఈ ఉద్యోగం రాక ఇంట్లో కూర్చుని ఉంటాడు, వాడికీ ఒక తల్లి ఉంటుంది. అందుకని నువ్వు మెయిల్ పెట్టావా లేదా అన్నది నేను అడగడం లేదు. పెట్టి ఉంటే, ఆ రాత్రి ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని అన్నం తిన్నారా? నాకు తెలియాల్సింది అంతే. పెట్టకపోయి ఉంటే వాడి దగ్గరికి వెళ్ళి నేను కాదురా అని చెప్పు. ఊరుకుంటే పెట్టినట్టే లెక్క అవుతుంది, ఇక్కడ వరలక్ష్మి వదిన లెక్కలో ఇప్పటికే అయిపోయింది. పెట్టి ఉంటే కూడా వెళ్ళి చెప్పు. కొడతాడేమో. కొట్టనీ. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మర్నాడు చెట్లన్నీ రోడ్ల మీద పడి ఉంటే, సైకిలు భుజాన వేసుకుని కొమ్మలు దాటుకుంటూ మనకి నీళ్ళ క్యాను తెచ్చినవాడు, వాడికి ఒక దెబ్బ కొట్టే హక్కుంది. అప్పటికి ఇద్దరూ ఇంటరు. వాళ్ళింట్లో నీళ్ళున్నాయో లేవో కూడా మనం అడగలేదు ఆవేళ. ఇప్పుడు గుర్తొస్తోంది.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను. అయిపోయింది.

టీమ్ లీడ్ అయినందుకు సంతోషం. సంపత్ వినాయకుడికి కొబ్బరికాయ కొట్టించాను, కారణం మాత్రం ఆయనకి కూడా స్పష్టంగా చెప్పలేదు. జీతం పెరిగితే ముందు ఆ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు.

వచ్చే ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పక్కింటి రాజుగారి అల్లుడు వస్తున్నాడు. అతనితో ఆవకాయ పంపుతున్నాను. ఏటా పంపినట్టే రెండు జాడీలు. మే నెలలోనే పెట్టాను, ఇన్నాళ్ళూ రెండోది అలమరలోనే ఉండిపోయింది, పంపాలో వద్దో తెలియక. స్టేషన్‌కి నువ్వే వెళ్ళు, ఆ అబ్బాయికి పసిపిల్లతో ప్రయాణం. జాడీలు నిలువుగా పట్టుకో, ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టకు, నూనె కారితే ఆ మరక పోదు. తడి గరిటె పెట్టకు. మూత మీద ‘కి’ అని రాసింది కిట్టుది. వాడు గది మారాడని విన్నాను, ఎక్కడికి మారాడో కనుక్కుని నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు, కొరియరు చెయ్యకు. వాడికి వెల్లుల్లి పడదు కాబట్టి దాన్లో వెయ్యలేదు. రెండూ తారుమారు చేస్తావేమో, మూత చూసుకో.

ఆశీస్సులతో,
అమ్మ